బడిలో టీచర్ల ల్యాప్‌టాప్‌లు బీరువాలో మగ్గకుండా నడిపించడం ఎలా

నల్లగొండ, పాలమూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లకు ల్యాప్‌టాప్‌లు రకరకాల దారుల్లో వస్తాయి. కొన్ని ప్రభుత్వ పథకాల కింద, కొన్ని కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులతో, కొన్ని అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థుల చేతుల మీదుగా. వచ్చిన రోజు అందరూ నిలబడి ఫొటో దిగుతారు. ఆర్నెల్లు గడిచాక వెళ్లి చూస్తే చాలాచోట్ల అవి హెచ్.ఎం. (ప్రధానోపాధ్యాయుల) గదిలో, బీరువాలో, అట్టపెట్టెల్లోనే ఉంటాయి. ఎందుకు వాడట్లేదని అడిగితే "పాడైతే ఎవరు కట్టాలి సార్?" అంటారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన ప్రభుత్వ వస్తువు అది. ఏమన్నా అయితే జీతంలో కోస్తారేమోనని టీచర్లకు టెన్షన్ ఉంటుంది. ఎక్కడ పోతుందోనని హెచ్.ఎం.కు టెన్షన్. ఇద్దరి భయమూ కలిసి తాళం వేసేస్తుంది. ఈ బాధ్యత మీ మీద పడిందనుకోండి. మీరే హెచ్.ఎం. కావచ్చు, లేదా "కంప్యూటర్ మీకు కొంచెం తెలుసు కదా" అని హెచ్.ఎం. గారు మీకు అప్పగించి ఉండొచ్చు. ముందు ఆ భయం తీసే పనులు చేయండి. సాఫ్ట్‌వేర్, ట్రైనింగ్ ఆ తర్వాత.

సామాను వచ్చిన రోజు

పెట్టెలు ఒక్కరే విప్పకండి. హెచ్.ఎం., ఇద్దరు టీచర్లు, వీలైతే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (బడి పనులు చూసే స్థానిక మహిళల కమిటీ) నుంచి ఒకరు ఉండగా విప్పండి. ఒకరు ఫోన్లో వీడియో తీయాలి. పెట్టె మీద ఉన్న సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న నంబరు, బిల్లులో ఉన్న నంబరు మూడూ ఒకటే కావాలి. చార్జర్‌కు విడిగా నంబరు ఉంటుంది, దాన్నీ రాసుకోండి. రెండేళ్లు తిరిగేసరికి ముందుగా తారుమారయ్యేవి చార్జర్లే. కంపెనీ వెబ్‌సైట్లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఎప్పటివరకు చూపిస్తోందో ఆ రోజే చూడండి. బిల్లు తేదీతో తేడా ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవాలి. ఏడాది తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

కొత్తవి మీరే కొనే పరిస్థితి ఉంటే 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్), 14 అంగుళాల తెర, హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నవి చూసుకోండి. పెద్ద తెర బాగుంటుంది గానీ బరువు పెరుగుతుంది. బస్సులో అప్ అండ్ డౌన్ చేసే టీచర్ దాన్ని రోజూ మోయరు. హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రం వదులుకోకండి. చాలా హైస్కూళ్లలో ఇప్పుడు పెద్ద టచ్ ప్యానెళ్లున్నాయి. ఇంట్లో తయారు చేసిన పాఠాన్ని వాటి మీద చూపించాలంటే హెచ్‌డీఎంఐ వైరు, టచ్ కోసం యూఎస్‌బీ వైరు రెండూ కావాలి. ఈ వైర్లు ప్యానెల్ దగ్గరే కట్టేసి ఉంచితే పోవు.

విరాళంగా వచ్చేవి చాలావరకు కంపెనీలు నాలుగైదేళ్లు వాడి పక్కన పెట్టినవి. దాత గారి ముందే మొహమాటపడకుండా మూడు విషయాలు చూడండి. ఆన్ చేయగానే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే లోపలి ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ అడుగుతోందా? విండోస్ కొత్తగా వేసి ఇంటర్నెట్‌కు కలిపితే పాత కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతోందా? అడిగితే, ఆ కంపెనీ ఐటీ విభాగం తమ జాబితాలోంచి దాన్ని తీసేయాలి. అప్పటిదాకా అది పనికిరాదు, బయట షాపులో ఎవరో తీసేస్తామన్నా ఇవ్వకండి. మూడోది ప్రాసెసర్ వయసు. ఇంటెల్ 8వ తరం కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అలాగని పాతవాటిని వదిలేయక్కర్లేదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసి లిబ్రే ఆఫీస్‌తో నడిపించండి. కేరళ ప్రభుత్వ బళ్లలో ఏళ్ల తరబడి లైనక్స్ మీదే పని నడుస్తోంది. దాత నుంచి తేదీ, సీరియల్ నంబర్లతో విరాళ పత్రం తీసుకుని ఫైల్లో పెట్టండి. బిల్లు లేని వస్తువుకు అదే ఆధారం.

రిజిస్టరు, సంతకం, తీర్మానం

ఇక్కడ ఓపిగ్గా కూర్చోండి. ఈ పథకం నిలబడేది ఈ కాగితాల మీదే.

స్టాక్ రిజిస్టర్‌లో ఒక్కో ల్యాప్‌టాప్‌కు ఒక్కో వరుస రాయండి. "ల్యాప్‌టాప్‌లు: 6" అని ఒకే వరుసలో రాస్తే ఆరోది ఏదో, ఎవరి దగ్గరుందో తర్వాత తేలదు. ప్రతి దాని మీద చెరగని స్టిక్కర్‌తో బడి పేరు, 1, 2, 3 అంటూ నంబరు వేయండి. చార్జర్ మీద, బ్యాగు మీద అదే నంబరు. తర్వాత విడిగా ఒక ఇష్యూ రిజిస్టరు పెట్టండి. ఎవరికి, ఏ తేదీన, ఏ నంబరు, ఏమేమి వస్తువులతో ఇచ్చారు, ఇచ్చేటప్పుడు దాని పరిస్థితి ఏమిటి, తిరిగి ఎప్పుడు వచ్చింది, అప్పటి పరిస్థితి ఏమిటి. మూత మీద ముందే గీత ఉంటే ఆ గీత కూడా రాయండి, ఫొటో తీయండి. ఆ ఒక్క ఫొటో టీచర్‌కు ఎంత ధైర్యమిస్తుందో ఇచ్చి చూడండి.

అండర్‌టేకింగ్ దగ్గరే ఎక్కువ బళ్లు తప్పుదారి పడతాయి. "ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత నాదే, మొత్తం సొమ్ము నేనే చెల్లిస్తాను" అని రాయించుకుంటారు. అది చదివాక ఎవరు మాత్రం ఇంటికి తీసుకెళ్తారు? ఇలా రాసుకోండి:

"పాఠశాల ల్యాప్‌టాప్ నం. ....., సీరియల్ నం. ........., చార్జర్, బ్యాగు ఈ తేదీన నాకు అందినవి. వీటిని పాఠాల తయారీకి, బోధనకు, మార్కుల నమోదుకు బడిలోనూ ఇంట్లోనూ వాడుకుంటాను. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, బ్యాటరీ బలం తగ్గడం, తయారీ లోపాలు నా బాధ్యత కావని హెచ్.ఎం. గారు నాకు తెలిపినారు. దెబ్బ తగిలినా, నీళ్లు పడినా, పోయినా అదే రోజు రాతపూర్వకంగా తెలియజేస్తాను. బదిలీ, పదవీ విరమణ, డిప్యుటేషన్, నెల దాటిన సెలవు సందర్భాల్లో తిరిగి అప్పగిస్తాను."

దీని కింద టీచర్ సంతకం, హెచ్.ఎం. సంతకం రెండూ ఉండాలి. ఒక కాపీ టీచర్‌కు ఇవ్వండి. ఒక్కరి సంతకమే ఉంటే అది ఒప్పందంలా ఉండదు, హెచ్చరికలా ఉంటుంది.

హెచ్.ఎం. రాసిన కాగితం ప్రభుత్వ నిబంధనను మార్చజాలదన్నది నిజమే. నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వ ఆస్తికి నష్టం జరిగితే బాధ్యుల నుంచి రాబట్టే నియమం ఆర్థిక నియమావళిలో ఉంది. అయితే రేపు విచారణ వస్తే నిర్లక్ష్యం ఉందా లేదా అని తేల్చేటప్పుడు ముందు అడిగేవి ఈ కాగితాలే. అందుకే స్టాఫ్ మీటింగ్ పెట్టి, ఏది మామూలు వాడకం, ఏది నిర్లక్ష్యం అన్నది ఉదాహరణలతో మాట్లాడుకుని మినిట్స్ పుస్తకంలో రాయండి. బస్సు సీటు మీద వదిలి దిగిపోవడం నిర్లక్ష్యం. బయటి మనిషికి వాడుకోవడానికి ఇవ్వడం నిర్లక్ష్యం. మూడేళ్ల తర్వాత మూత దగ్గర కీలు వదులు కావడం అరుగుదల. పాఠం చెబుతుండగా కరెంటు హెచ్చుతగ్గులకు చార్జర్ కాలిపోవడం ఎవరి తప్పూ కాదు. అందరి సంతకాలతో ఆ తీర్మానం ఉంటే తర్వాత వచ్చే హెచ్.ఎం. కూడా దాన్ని గౌరవిస్తారు. ఒక కాపీ ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి పంపండి.

ఎవరికి ఇవ్వాలి

ముందు ఆఫీసు పనిని విడదీయండి. యూడైస్ ప్లస్ (బడి వివరాల ఆన్‌లైన్ నమోదు), పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా), జీతాల బిల్లులు, స్కాలర్‌షిప్‌లు, ఈ పనులన్నింటికీ ఒక యంత్రం ఆఫీసుకే ఉండాలి. లేకపోతే మ్యాథ్స్ సార్ దగ్గరున్న ల్యాప్‌టాప్ నామినల్ రోల్స్ కోసం అని నవంబరులో ఆఫీసుకు పోయి మార్చి దాకా తిరిగి రాదు.

అందరికీ సరిపోకపోతే సబ్జెక్టుల వారీగా జోడీలు చేయండి. ఒకే జోడీలో ఇద్దరూ ఒకే ఊరి నుంచి వచ్చేవారైతే మార్చుకోవడం తేలిక. వారంలో ఎవరికి ఏ రోజులో కాగితం మీద రాసి స్టాఫ్ రూములో అంటించండి. "మీరే సర్దుకోండి" అని వదిలేస్తే సీనియారిటీ గెలుస్తుంది, కొత్తగా వచ్చిన టీచర్ అడగలేక ఊరుకుంటారు.

రిటైర్మెంటుకు రెండు మూడేళ్లున్న సార్లు "నాకెందుకులే, కుర్ర టీచర్లకియ్యండి" అంటారు. వారికి తప్పకుండా ఇవ్వండి. తెలంగాణలో 2021 నుంచి పదవీ విరమణ వయసు 61. రెండేళ్లంటే పాఠాల పరంగా చాలా కాలం. ముప్పై ఏళ్లు బ్లాక్‌బోర్డు మీద రేఖాగణితం చెప్పిన మనిషి ప్రశ్నపత్రాలు, ఉదాహరణలు ఫైళ్లలోకి ఎక్కితే అవి బడికి మిగులుతాయి. లేకపోతే వారితోపాటే వెళ్లిపోతాయి. పీఈటీ సార్‌ను, తెలుగు, హిందీ పండితులను కూడా జాబితా చివర పెట్టకండి.

యంత్రాన్ని సిద్ధం చేయడం

టీచర్ చేతికి ఇచ్చే ముందు ప్రతి ల్యాప్‌టాప్‌లో రెండు ఖాతాలు పెట్టండి. ఒకటి బడి పేరుతో అడ్మిన్ ఖాతా, రెండోది టీచర్ పేరుతో మామూలు ఖాతా. రోజూ వాడేది మామూలు ఖాతానే. అలా ఉంటే తెలియక ఏదో నొక్కినా పనికిమాలిన సాఫ్ట్‌వేర్ ఎక్కదు. ఇద్దరు పంచుకునే చోట ఇద్దరికీ వేర్వేరు ఖాతాలు ఉండాలి.

బడి ఈమెయిల్ ఒకటి, హోదా పేరుతో, విడిగా తెరవండి. ఇప్పుడున్న హెచ్.ఎం. గారి సొంత జీమెయిల్‌తో విండోస్ మొదలుపెడితే వారు బదిలీ అయ్యాక పాస్‌వర్డ్ కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి: కొత్త విండోస్ 11 యంత్రాల్లో డిస్క్ దానంతటదే తాళం పడి ఉండొచ్చు. ఏదైనా రిపేరు తర్వాత అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ అంకెలు ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టారో అందులో ఉంటాయి. అవి దొరక్కపోతే లోపలి ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ప్రతి ల్యాప్‌టాప్ రికవరీ కీ ప్రింటు తీసి, అడ్మిన్ పాస్‌వర్డ్‌తో కలిపి, కవరులో సీలు చేసి, హెచ్.ఎం. బీరువాలో పెట్టండి. కవరు మీద ల్యాప్‌టాప్ నంబరు రాయండి.

ఇంటర్నెట్ విషయం. ఊళ్లలో చాలామంది ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిపిస్తారు. విండోస్ అప్‌డేట్ ఒక్కసారి మొదలైతే ఆ రోజు డేటా మొత్తం తాగేస్తుంది, టీచర్ విసుగొచ్చి నెట్ కలపడమే మానేస్తారు. సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్‌ను "మీటర్డ్ కనెక్షన్" అని పెట్టండి, పెద్ద అప్‌డేట్లు ఆగుతాయి. మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వదులుతుంది. ఆ వారంలో శనివారం ఒక పూట అన్ని ల్యాప్‌టాప్‌లను బడి బ్రాడ్‌బ్యాండ్‌కు కలిపి అప్‌డేట్ చేయండి. అదే రోజు చూపుతో తనిఖీ కూడా అయిపోతుంది.

దొంగ సాఫ్ట్‌వేర్ వేయకండి. షాపులో "ఆఫీస్ ఫుల్ వెర్షన్ వేసిస్తా" అంటారు, దాంతోపాటు వైరస్ కూడా వస్తుంది. లిబ్రే ఆఫీస్ ఉచితం. గణితానికి జియోజెబ్రా ఉచితం. సైన్సుకు ఫెట్ సిమ్యులేషన్లు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి, చాలా వాటికి తెలుగు అనువాదం ఉంది. ఎస్‌సీఈఆర్‌టీ (పాఠ్యపుస్తకాలు తయారు చేసే రాష్ట్ర సంస్థ) పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు తరగతుల వారీగా ఒక ఫోల్డర్లో వేసి ఇవ్వండి. మొదటి రోజే తన పుస్తకం తనకు తెర మీద కనిపిస్తే టీచర్‌కు అది తన వస్తువు అనిపిస్తుంది.

తెలుగు, హిందీ, ఉర్దూ టైపింగ్

ల్యాప్‌టాప్ వాడకం ఆగిపోయే చోటు చాలాసార్లు ఇదే. మన జిల్లాల్లో పాత ప్రశ్నపత్రాలన్నీ డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లతో కొట్టినవి. హిందీవి కృతిదేవ్‌లో ఉంటాయి. పాలమూరు, నారాయణపేట వైపు ఉర్దూ మీడియం టీచర్ల దగ్గర ఇన్‌పేజ్ ఫైళ్లుంటాయి. ఇవేవీ యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా సరిగా కనిపించే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫాంటు గానీ ఆ సాఫ్ట్‌వేర్ గానీ లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, లేదా ఫైలే తెరుచుకోదు. టీచర్ "ల్యాప్‌టాప్ బాగాలేదు" అని తిరిగి ఇచ్చేస్తారు.

ఇక నుంచి కొత్తగా కొట్టేదంతా యూనికోడ్‌లోనే అని నిర్ణయించండి. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు భాషను కలిపితే ఫొనెటిక్ కీబోర్డు వస్తుంది. వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న వాళ్లకు అది గంటలో పట్టుబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) నేర్చుకుంటే వేగం ఎక్కువ, పైగా హిందీకీ అదే అమరిక పనికొస్తుంది. తెలుగు పండితులకు నేను ఇన్‌స్క్రిప్టే చెబుతాను, మొదటి రెండు వారాలు కష్టమైనా సరే. టైపింగ్ అసలే వద్దనే వాళ్లకు గూగుల్ డాక్స్‌లో నోటితో చెబితే తెలుగులో పడే ఏర్పాటు ఉంది. స్పష్టంగా మాట్లాడితే బాగానే వస్తుంది, ఒత్తులు మాత్రం చూసుకోవాలి.

పోస్టర్లకు, శీర్షికలకు అందమైన అక్షరాలు కావాలంటే మల్లన్న, రామభద్ర, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఎక్కించి పెట్టండి. ఉర్దూకు విండోస్‌లోనే నస్తాలీఖ్ పద్ధతి ఫాంటు దొరుకుతుంది. ఏ భాషదైనా బయటికి ఇచ్చే ఫైలు పీడీఎఫ్ చేసి ఇవ్వండి. జిరాక్స్ సెంటర్లో అక్షరాలు చెదరవు.

నేర్పడం

ఒక రోజంతా కూర్చోబెట్టి అన్నీ చెప్పే ట్రైనింగ్ వద్దు. సాయంత్రం బడి వదిలాక అంటే బస్సు అందదు, చిన్నపిల్లలున్న మేడమ్‌లు ఉండలేరు. శనివారం చివరి పీరియడ్ చాలు. ఒక్కో వారం ఒక్కో పని. మొదటి వారం ఆన్ చేయడం, ఫైలు దాచుకోవడం, సరిగా షట్‌డౌన్ చేయడం. రెండో వారం తెలుగు టైపింగ్. మూడో వారం తన తరగతి ఎఫ్ఏ (నిర్మాణాత్మక మదింపు) మార్కులు ఎక్సెల్ లాంటి పట్టికలో ఎక్కించి, మొత్తం దానంతటదే వచ్చేలా చేయడం. ఈ మూడోది పెద్ద మలుపు. చేత్తో కూడికలు వేసి, తప్పులు దిద్ది, మళ్లీ రాసే పని తప్పిందని తెలిశాక ఎవరూ బలవంతం చేయక్కర్లేదు. నాలుగో వారం ప్యానెల్‌కు కలిపి ఒక బొమ్మ చూపించడం.

నేర్పేవాళ్లు మౌస్ లాక్కోకూడదు. ఎంత ఆలస్యమైనా నేర్చుకునేవారి చెయ్యే దాని మీద ఉండాలి. ఎదుటివారు పెద్ద సార్ అయితే అందరి ముందు కాకుండా పక్కన కూర్చుని చెప్పండి. తెలియదని నలుగురిలో బయటపడడం ఇష్టం లేకే చాలామంది దూరంగా ఉంటారు. పదో తరగతి పిల్లలకు టీచర్ లాగిన్ ఇచ్చి పని చేయించుకోవడం మాత్రం మొదటి రోజు నుంచే వద్దనండి. మార్కులు, ప్రశ్నపత్రాలు అందులోనే ఉంటాయి.

పిల్లల వివరాలు

టీచర్ ల్యాప్‌టాప్‌లో ఆధార్ కాపీలు, అపార్ నంబర్లు (విద్యార్థి గుర్తింపు సంఖ్యలు), బ్యాంకు ఖాతాలు, కులం, తల్లిదండ్రుల ఫోన్లు అన్నీ చేరతాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, అందులో 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి. అవి ఆఫీసు యంత్రంలోనే ఉండాలి. క్లాస్ టీచర్‌కు కావలసింది పేర్లు, హాజరు, మార్కులు. పని అయిపోయిన ఆధార్ ఫొటోలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోంచి తీసేయించండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి.

పెన్‌డ్రైవ్‌తో జాగ్రత్త. నెట్ సెంటర్‌కు పోయొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారే వైరస్ మన దగ్గర ఇంకా తిరుగుతూనే ఉంది. బయటి పనులకు విడిగా ఒక పెన్‌డ్రైవ్ పెట్టండి, అందులో ప్రింట్ తీయాల్సిన పీడీఎఫ్ తప్ప ఏమీ ఉండకూడదు. పరీక్ష ప్రశ్నపత్రం బయట ప్రింటు తీయిస్తే సెంటర్ కంప్యూటర్లోంచి ఫైలు తీసేసే దాకా అక్కడే నిలబడండి. బ్యాకప్ కోసం ఉచిత గూగుల్ ఖాతాలో 15 జీబీ వస్తుంది, టీచర్ తయారు చేసే పాఠాలకు అది చాలు. హెచ్.ఎం. దగ్గర ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా ఉంటే నెలకోసారి అందరి పాఠాలు దానిలోకి తీసుకోవచ్చు.

కరెంటు, ఎండ, సుద్దపొడి, ప్రయాణం

బడిలో చార్జింగ్ పెట్టే ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. మంచి స్పైక్ గార్డ్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనండి. ఉరుములు మొదలైతే చార్జర్ ప్లగ్గు నుంచి తీసేయాలి, స్విచ్ ఆపితే సరిపోదు. సుద్దముక్కల పొడి ఫ్యాన్ రంధ్రాల్లోకి పోతే యంత్రం వేడెక్కి నెమ్మదిస్తుంది. బోర్డు తుడిచే చోటికి దూరంగా పెట్టండి, ఏడాదికోసారి లోపల శుభ్రం చేయించండి. మంచం మీద, పరుపు మీద పెట్టి వాడితే గాలి ఆడదు.

అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు బ్యాగులో పెట్టే ముందు మూత మూయడంతో సరిపెట్టకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. స్లీప్‌లో ఉన్న యంత్రం బ్యాగు లోపల ఉడికిపోతుంది. బండి మీదైతే వీపుకు తగిలించుకోండి, పెట్రోల్ ట్యాంకు మీద పెట్టకండి. బస్సులో, రైల్లో పైన సామాను అరలో పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకోండి. కారులో ఎండకు వదిలి పెళ్లికి పోవద్దు. నల్లగొండలో ఏప్రిల్, మే ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మూసిన కారులో వేడి బ్యాటరీని ఉబ్బిస్తుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టి వాడే యంత్రమైతే 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగే సెట్టింగ్ ఉందేమో చూడండి. చాలా కంపెనీలు ఇస్తున్నాయి.

బడి పోలింగ్ కేంద్రమైనప్పుడు, పరీక్షా కేంద్రమైనప్పుడు గదుల తాళాలు వేరేవాళ్ల చేతికి పోతాయి. ముందు రోజే అన్నీ టీచర్లకు ఇచ్చి పంపండి, లేదా ఒకే గదిలో పెట్టి సీలు వేయండి.

పాడైతే, పోతే

పాడైతే ముందు వారంటీ చూడాలి. వారంటీలో ఉండగా బయట షాపులో విప్పించకండి. కంపెనీకి ఫోన్ చేసి కేసు నంబరు తీసుకుని రిజిస్టర్‌లో రాయండి. మనిషిని పంపే రకం వారంటీ అయితే బడి చిరునామా, దగ్గరి టౌను స్పష్టంగా చెప్పండి. వారంటీ అయిపోయాక జిల్లా కేంద్రంలో నమ్మకమైన షాపు ఒకటి చూసుకోండి. హైదరాబాద్ దాకా పోవాలంటే నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా వంద కిలోమీటర్ల దూరం, ఒక రోజు పోతుంది. ఎక్కడ ఇచ్చినా సీరియల్ నంబరు రాసిన రశీదు తీసుకోవాలి, పిల్లల వివరాలు ఉంటే తీసేసి ఇవ్వాలి. ముందుగా చెడేది చార్జరు, తర్వాత మూత కీలు, ఆ తర్వాత బ్యాటరీ. స్కూల్ గ్రాంటులో కొంత వీటికని ఏడాది మొదట్లోనే అనుకుని పెట్టండి.

నీళ్లు గానీ చాయ్ గానీ పడితే వెంటనే ఆఫ్ చేసి, చార్జర్ తీసి, బోర్లా పెట్టి షాపుకు తీసుకెళ్లాలి. పనిచేస్తుందేమోనని మళ్లీ ఆన్ చేసి చూస్తేనే బోర్డు కాలుతుంది.

పోతే ఆ రోజే మూడు పనులు: హెచ్.ఎం.కు రాతపూర్వకంగా చెప్పడం, ఎక్కడ పోయిందో ఆ పోలీసు స్టేషన్లో సీరియల్ నంబరుతో ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోవడం, వేరే ఫోన్ నుంచి గూగుల్, మైక్రోసాఫ్ట్ ఖాతాల్లోకి పోయి ఆ యంత్రాన్ని సైన్ అవుట్ చేసి పాస్‌వర్డులు మార్చడం. పోయిన ఫోన్లను ఐఎంఈఐతో బ్లాక్ చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ల్యాప్‌టాప్‌లకు పనికిరాదు, కాబట్టి దాని కోసం సమయం వృథా చేయకండి. బ్యాంకు లాగిన్లు అందులో ఉండి డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు కాపీతో హెచ్.ఎం. ఎంఈవో ద్వారా డీఈవో (జిల్లా విద్యాధికారి) కార్యాలయానికి రాయాలి. ఇక్కడ హెచ్.ఎం. తీరు చాలా ముఖ్యం. చెప్పిన వెంటనే కేకలేస్తే తర్వాతి టీచర్ వారం దాచిపెడతారు.

బదిలీలప్పుడు

ల్యాప్‌టాప్‌లు మాయమయ్యేది దొంగల వల్ల కంటే బదిలీల వల్లే. ఆర్డర్లు రాత్రి వస్తాయి, తెల్లారి రిలీవ్ అవుతారు, సన్మానం, దండలు, కన్నీళ్లు. ఆ హడావుడిలో ఎవరికీ ల్యాప్‌టాప్ గుర్తుండదు. ఆర్నెల్లకు ఫోన్ చేసి అడగాలంటే మొహమాటం. అందుకే బదిలీల షెడ్యూలు రాగానే, దరఖాస్తు పెట్టుకున్న వారి జాబితా తీసి, ఎవరి దగ్గర ఏ నంబరు ఉందో పక్కన రాసుకోండి. రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకం చేసే ముందు నో డ్యూస్ కాగితంలో ల్యాప్‌టాప్ ఒక వరుసగా ఉండాలి, లైబ్రరీ పుస్తకాలతోపాటే.

తిరిగి తీసుకునేటప్పుడు ముందు టీచర్ తన సొంత ఫైళ్లు తీసుకునేందుకు ఒక పూట ఇవ్వండి. పాఠాల కాపీ ఒకటి బడి డిస్క్‌లో మిగల్చమని అడగండి. ఎవరూ కాదనరు. తర్వాత వారి ముందే ఖాతా తీసేసి, జీమెయిల్ సైన్ అవుట్ అయిందో చూసి, పరిస్థితి రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. ఆ కాగితం కాపీ టీచర్‌కు ఇవ్వండి. మూడేళ్ల తర్వాత పెన్షన్ కాగితాలప్పుడు ఎవరో "ల్యాప్‌టాప్ ఇవ్వలేదు" అంటే అదే కాపాడుతుంది.

హెచ్.ఎం. మారినప్పుడు చార్జ్ లిస్టులో ల్యాప్‌టాప్‌ల నంబర్లు, ఎవరి దగ్గర ఉన్నాయి, సీలు కవర్లు ఎన్ని, బడి ఈమెయిల్ పాస్‌వర్డు, దానికి కలిపిన ఫోన్ నంబరు అన్నీ ఉండాలి. రికవరీ ఫోన్ నంబరు అదే రోజు కొత్తవారిదిగా మార్చండి. కొత్త హెచ్.ఎం. ఒక్కో యంత్రాన్ని కంటితో చూసే సంతకం పెట్టాలి.

ఎండాకాలం సెలవులు

ఏప్రిల్ మూడో వారంలో ఏడాది తనిఖీ పెట్టండి. స్టాక్ రిజిస్టరు, ఇష్యూ రిజిస్టరు, ఎదురుగా యంత్రాలు, మూడూ కలిపి చూడాలి. ఇక పనికిరానివి ఉంటే కండెమ్ చేయడానికి (స్టాక్ లెక్కలోంచి తీసేయడానికి) పై అధికారులకు రాయండి, అనుమతి వచ్చాకే తీయాలి. పాత సామాను వాడికి కిలోల లెక్కన వేయడం కుదరదు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఇచ్చే ముందు హార్డ్ డిస్క్ తీసి నాశనం చేయించాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని మిగతా వాటితో కలిపి బీరువాలో ఉంచకండి, అది అంటుకునే ప్రమాదం ఉంది.

సెలవుల్లో ఇంటికి తీసుకెళ్తామన్న వారికి సంతోషంగా ఇచ్చేయండి. వచ్చే ఏడాది పాఠాలు తయారయ్యేది అప్పుడే. వద్దన్నవారివి సగం చార్జింగ్‌తో ఆఫ్ చేసి, రేకుల గదిలో కాకుండా స్లాబు గదిలో పెట్టండి. చెదలు, ఎలుకలు లేని బీరువా చూసుకోండి. జూన్‌లో బడిబాటకు (పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమానికి) ఎలాగూ వస్తారు కాబట్టి ఆ రోజుల్లోనే ఒక పూట అన్నీ చార్జింగ్ పెట్టి, రెండు నెలల అప్‌డేట్లు ఎక్కించి, జోడీలు కొత్తగా రాసుకుని సంతకాలు తీసుకోండి. బడి తెరిచేసరికి ఎవరి ల్యాప్‌టాప్ వారి చేతిలో ఉండాలి.